నాన్న జ్వరం ఎందుకు దాచారు?

పేరు వద్దని కోరిన ఒక పాఠకురాలు చాలా వివరంగా రాశారు. ఆమె తండ్రికి 72 ఏళ్లు. దీర్ఘకాలిక లింఫోసైటిక్ లుకేమియా, అంటే డాక్టర్లు సీఎల్‌ఎల్ అనే జబ్బు ఉంది. మూడేళ్లపాటు మందులేమీ లేకుండా పరీక్షలతోనే గడిచింది. నాలుగు నెలల క్రితం ఆ జబ్బుకి ఇబ్రుటినిబ్ అనే మాత్రలు మొదలుపెట్టారు. 'ఇన్ఫెక్షన్లు రాకుండా జాగ్రత్త' అని డాక్టరు అన్న ఒక్క మాటతో ఆమె ఇంటి తీరే మార్చేశారు. నాన్న గది కిటికీలు ఎప్పుడూ మూసే ఉంటాయి. ఆయన గదిలోనూ మాస్కు తీయకూడదు. ఆమె పిల్లలిద్దరూ, ఒకరికి ఆరేళ్లు, ఇంకొకరికి తొమ్మిది, తాతయ్యతో గుమ్మం దగ్గర నిలబడే మాట్లాడాలి. ఆమె అన్నయ్యది ఇంకో ధోరణి. 'కీమో కాదుగా, మాత్రలేగా' అంటాడు. రిపోర్టులో తెల్లకణాలు 60 వేలు ఉండటం చూసి, 'అన్ని కణాలుంటే ఇన్ఫెక్షన్ ఎలా వస్తుంది?' అని నవ్వేశాడు.

మూడు వారాల క్రితం రాత్రి నాన్నకు చలి, జ్వరం వచ్చాయి. ఎవరికీ చెప్పలేదు. పారాసిటమాల్ వేసుకుని పడుకున్నారు. తెల్లారి చూస్తే 102 డిగ్రీలు. న్యూమోనియా అని ఆస్పత్రిలో చేర్చుకున్నారు, కోలుకుని ఇంటికొచ్చారు. ఎందుకు చెప్పలేదని అడిగితే, 'చెబితే నువ్వు పిల్లల మీద విరుచుకుపడతావు' అన్నారట. అప్పట్నుంచి తండ్రీకూతుళ్ల మధ్య సరిగ్గా మాటల్లేవు. వచ్చే నెల అన్నయ్య కూతురి పెళ్లి. మనవరాలి పెళ్లికి వెళ్లి తీరతానని ఆయన పట్టు. ఆమె అడిగినవి మూడు. మందు ఆపించమని డాక్టరుని అడగనా? పిల్లల్ని కొన్నాళ్లు అత్తగారింట్లో ఉంచనా? పెళ్లికి వద్దని గట్టిగా చెప్పనా? ఉత్తరం చివర్లో ఒక మాట: 'నాలుగైదు రోజులుగా నాన్నకు పొడిదగ్గు. జ్వరం లేదు కాబట్టి కంగారు పడటం లేదు.'

అమ్మా, ముందు ఆ చివరి మాట సంగతి చూద్దాం. మిగతా విషయాలన్నిట్లో అవసరానికి మించి కంగారు పడ్డ మీరు, కాస్త కంగారు పడాల్సిన చోట ఊరుకున్నారు. ఇది చదవగానే ఆస్పత్రికి ఫోన్ చేసి దగ్గు సంగతి చెప్పండి. తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. న్యూమోనియా తగ్గాక కొన్ని వారాలు దగ్గు ఉండటం మామూలే, బహుశా ఇదీ అంతే కావచ్చు. కానీ ఇబ్రుటినిబ్ వాడేవాళ్లలో కొద్దిమందికి ఆస్పర్జిల్లస్ అనే బూజు ఊపిరితిత్తుల్లో పట్టుకుంటుంది. అలాంటి కేసుల్లో ఎక్కువ భాగం మందు మొదలైన మొదటి ఆర్నెల్లలోనే బయటపడ్డాయి. మీ నాన్నగారు ఆ గడువులోనే ఉన్నారు. న్యూమోనియా సమయంలో స్టెరాయిడ్లు ఇచ్చి ఉంటే ఆ ప్రమాదం ఇంకాస్త పెరుగుతుంది. పైగా స్టెరాయిడ్లు జ్వరాన్ని పైకి కనిపించనివ్వవు. ఇది ఏ దగ్గో తేల్చడానికి ఛాతీ స్కాన్ అవసరమా కాదా అన్నది ఆయన్ని చూసిన డాక్టరే చెప్పాలి. ఒకవేళ దగ్గుతో పాటు ఆయాసం, కఫంలో రక్తం, కొత్తగా తలనొప్పి, మాట తడబడటం, ఒక చెయ్యో కాలో బలహీనపడటం లాంటివి కనిపిస్తే ఫోన్లతో కాలయాపన చేయకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. ఆ బూజు మెదడుకూ పాకగలదు. ఈ మందుకి రక్తస్రావం కలిగించే గుణం కూడా ఉంది కాబట్టి తలనొప్పిని రెండు కారణాలతో పట్టించుకోవాలి.

ఇంకో మాట. దగ్గే కదా అని వేరే డాక్టరు దగ్గర యాంటీబయాటిక్ రాయించుకోకండి. రాయించుకోవాల్సే వస్తే ఇబ్రుటినిబ్ పేరు ముందు చెప్పండి. క్లారిత్రోమైసిన్, బూజుకి వాడే వోరికొనజోల్, పోసకొనజోల్, కోవిడ్‌కి ఇచ్చే పాక్స్‌లోవిడ్‌లోని రిటోనావిర్, ఇవన్నీ ఇబ్రుటినిబ్‌ని లివర్‌లో కరగనివ్వవు. రక్తంలో మందు మోతాదు అమాంతం పెరిగిపోతుంది. అవి అవసరమైనప్పుడు వాడకూడదని కాదు, ఇబ్రుటినిబ్ తగ్గించాలో కొన్నాళ్లు ఆపాలో లెక్క చూసి వాడాలి. ఆ లెక్క క్యాన్సర్ డాక్టరుది.

ఇక మీ అన్నయ్య మాట. 'కీమో కాదుగా' అన్నంతవరకు ఆయన చెప్పింది నిజమే. కీమో ఎముక మజ్జని మొత్తంగా దెబ్బకొడుతుంది. ఇబ్రుటినిబ్ లాంటి టార్గెటెడ్ మందు ఒక్కో ప్రొటీన్‌ని చూసి ఆపుతుంది. అందుకే జుట్టు రాలడం, నోరు పుండవడం లాంటివి తక్కువ, బయటికి మనిషి మామూలుగానే కనిపిస్తాడు. చిక్కంతా అక్కడే ఉంది. ఆగిన ఆ ప్రొటీన్‌కి మన రోగనిరోధక వ్యవస్థలో కూడా పని ఉంటుంది. ఇబ్రుటినిబ్ ఆపే ప్రొటీన్ పేరు బ్రుటన్ టైరోసిన్ కైనేజ్. ఆగ్డెన్ బ్రుటన్ అనే అమెరికన్ సైనిక వైద్యుడి పేరు అది. మాటిమాటికీ తీవ్రమైన ఇన్ఫెక్షన్లతో వస్తున్న ఎనిమిదేళ్ల అబ్బాయి రక్తంలో యాంటీబాడీలు ఉండే గామా గ్లోబ్యులిన్ అసలు లేదని ఆయన 1952లో రాశారు. ఆ జబ్బుకి కారణమైన జన్యువు 1993లో దొరికింది. అది తయారుచేసే ప్రొటీన్నే సీఎల్‌ఎల్‌లో మందుతో ఆపుతున్నాం. పెద్ద వయసులో మొదలుపెట్టినవాళ్లకు ఆ అబ్బాయికి జరిగినట్టు జరగదు. అప్పటికే తయారైన యాంటీబాడీలూ వాటిని చేసే కణాలూ కొన్ని ఉంటాయి. అయినా 'మాత్రలేగా' అని తీసిపారేసే మందు మాత్రం కాదిది. టీ కణాల్లోని ఇంకో ప్రొటీన్‌ని కూడా ఇబ్రుటినిబ్ కొంత తాకుతుంది, బూజుని మింగే కణాల పనిలోనూ అడ్డం పడుతుంది.

తెల్లకణాల లెక్కలో మాత్రం మీ అన్నయ్య పూర్తిగా పొరబడ్డారు. ఆ రిపోర్టు ఒకసారి తీయండి. మొత్తం 60,000 పక్కన విడివిడిగా శాతాలు ఉంటాయి. న్యూట్రోఫిల్స్ ఎదురుగా ఎంతుందో చూడండి. 2 శాతం ఉంటే 60,000లో 1,200. 1 శాతమే ఉంటే 600. బ్యాక్టీరియాతో ముందుండి పోరాడేవి అవే. మిగిలినవాటిలో ఎక్కువ భాగం జబ్బు తాలూకు లింఫోసైట్లు, వాటివల్ల రక్షణ లేదు. ఇబ్రుటినిబ్ మొదలుపెట్టాక లింఫు గ్రంథుల్లో దాక్కున్న కణాలు రక్తంలోకి వచ్చేస్తాయి కాబట్టి మొదటి నెలల్లో మొత్తం సంఖ్య పెరగడం మామూలే. మందు పనిచేయడం లేదని దానర్థం కాదు. ఒంట్లో బలగం పెరిగిందనీ కాదు. న్యూట్రోఫిల్స్ 500 కంటే తగ్గితే జాగ్రత్తల స్థాయే వేరు. కాబట్టి మనవలు, పెళ్లి, కిటికీలు, అన్నిటికీ ముందు మీకు తెలియాల్సిన అంకె అది. మీ ఉత్తరంలో అదొక్కటే లేదు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. మందు ఆపించమని అడగనా అన్నారు. అడగండి, తప్పేం లేదు. కానీ ఆపితే ఏమవుతుందో కూడా అదే నోటితో అడగండి. సీఎల్‌ఎల్ అనేదే యాంటీబాడీలు తయారుచేయాల్సిన బీ కణాల జబ్బు. మందు మొదలుపెట్టకముందు నుంచే మీ నాన్నగారికి ఇన్ఫెక్షన్ల ముప్పు ఉంది. మందు ఆపితే ఆ జబ్బు మళ్లీ పుంజుకుంటుంది, కొందరిలో చాలా వేగంగా. దానితో ఇన్ఫెక్షన్లూ తిరిగి వస్తాయి. అదే మందు కొనసాగితే, జబ్బు అదుపులోకి వచ్చేకొద్దీ ఇన్ఫెక్షన్లు తగ్గుతూ రావడం ఇబ్రుటినిబ్ వాడినవాళ్లలో కనిపించింది. అంటే మీరిప్పుడు దాటుతున్నది కష్టమైన భాగం. ఆపడం, కొనసాగించడం మధ్య ఇంకా దారులున్నాయి. ఇన్ఫెక్షన్ ముదిరినప్పుడు కొన్ని రోజులు మాత్రమే ఆపి మళ్లీ మొదలుపెట్టవచ్చు. న్యుమోసిస్టిస్ అనే ఇంకో బూజువల్ల వచ్చే న్యూమోనియా రాకుండా కోట్రైమాక్సజోల్, సర్పి రాకుండా ఎసైక్లోవిర్ ముందుజాగ్రత్తగా ఇవ్వవచ్చు. ఇబ్రుటినిబ్ వాడే ప్రతి ఒక్కరికీ ఇవి ఇవ్వరు, ముప్పు ఎక్కువున్నవాళ్లకు ఇస్తారు. రక్తంలో ఐజీజీ అనే యాంటీబాడీ బాగా తగ్గి, తీవ్రమైన బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లు మళ్లీమళ్లీ వస్తుంటే ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే బయటి యాంటీబాడీలు ఎక్కించడం ఒక మార్గం. ఒక్క న్యూమోనియాకే అది అవసరపడకపోవచ్చు. అసలు మందే మార్చడం కూడా ఒక మార్గమే. కానీ మార్చిన మందుకి దాని ముప్పు దానికుంటుంది.

లుకేమియా అన్నవాళ్లందరికీ ఒకే జాగ్రత్త కాదు కాబట్టి, ఇతర పాఠకుల కోసం ఒక మాట. సీఎంఎల్, అంటే దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా అనే ఇంకో రకానికి వాడే ఇమాటినిబ్‌తో ఇన్ఫెక్షన్ల బెడద చాలా తక్కువ. అయితే ఆ కుటుంబంలోని మందులతో, ఒంట్లో నిద్రపోతున్న హెపటైటిస్ బీ మేలుకోవచ్చని యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2016లో హెచ్చరించింది. అదే కుటుంబంలోని డాసాటినిబ్ వాడేవాళ్లకు ఆయాసం వస్తే అది ఇన్ఫెక్షన్ కాకుండా ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరడం కావచ్చు. సీఎల్‌ఎల్‌కి వాడే ఇంకో మందు వెనెటోక్లాక్స్‌తో న్యూట్రోఫిల్స్ పడిపోవడం పెద్ద సమస్య. అదే జబ్బుకి వచ్చిన ఐడెలాలిసిబ్ విషయంలో ఇన్ఫెక్షన్ మరణాల వల్ల 2016లో కొన్ని ట్రయల్స్‌నే ఆపేశారు. ఆ మందుతో న్యుమోసిస్టిస్‌కి ముందుజాగ్రత్త మందు, సీఎంవీ వైరస్ మీద నిఘా తప్పనిసరి చేశారు. బీ కణాలను తగ్గించే రిటుక్సిమాబ్, ఒబినుటుజుమాబ్ ఇంజెక్షన్లకు ముందు హెపటైటిస్ బీ పరీక్ష తప్పకుండా చేయాలి. మీ నాన్నగారికి కూడా ఆ పరీక్ష ఎప్పుడైనా చేశారా అని కనుక్కోండి. ఇబ్రుటినిబ్‌కీ ఆ హెచ్చరిక ఉంది.

సరే, అసలు సంగతికి వద్దాం. మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది న్యూమోనియా కాదు, ఆ రాత్రి. మీ నాన్నగారికి చలి జ్వరం వచ్చింది, పక్క గదిలో కూతురుంది, ఆయన మాత్రల డబ్బా వెతుక్కున్నారు. మీరు పెట్టిన నియమాలన్నీ క్రిములు ఇంట్లోకి రాకుండా ఆపడానికి. కానీ ఇలాంటి రోగులకు వచ్చే ఇన్ఫెక్షన్లలో కొన్ని సొంత ఒంట్లో, చర్మం మీద, పేగుల్లో ఉన్న క్రిముల వల్లే వస్తాయి. సర్పి అయితే ఎప్పుడో చిన్నప్పుడు వచ్చిపోయిన ఆటలమ్మ వైరస్సే తిరిగి లేవడం. గుమ్మం దగ్గర ఎంత కాపలా కాసినా ఇవి ఆగవు. ప్రాణం కాపాడేది జ్వరం వచ్చాక ఎంత త్వరగా కదిలారన్నది. న్యూట్రోఫిల్స్ తక్కువున్న రోగి జ్వరంతో వస్తే ఆస్పత్రి చేరిన గంటలోపు యాంటీబయాటిక్ ఎక్కాలని నిపుణులు పెట్టుకున్న లక్ష్యం. ఆ గంట కోసం ఆస్పత్రి సిద్ధంగా ఉన్నా, ఇంట్లో ఒక రాత్రి పోయింది.

అందుకే మీ పది నియమాల బదులు ఒకటే పెట్టుకోవచ్చు. టెంపరేచర్ 100.4, అంటే 38 డిగ్రీల సెల్సియస్ చేరితే, లేదా వణికే చలి వస్తే, ఏ వేళైనా సరే ఆస్పత్రికి ఫోన్. వాళ్లతో మాట్లాడకుండా పారాసిటమాల్ వేసుకోకూడదు, అది జ్వరాన్ని దాచేస్తుంది. తెల్లారనివ్వడం అన్న మాటే లేదు. ఎమర్జెన్సీలో మొదటి వాక్యమే 'లుకేమియా ఉంది, ఇబ్రుటినిబ్ వాడుతున్నారు, జ్వరం వచ్చింది' అని ఉండాలి. జబ్బు పేరు, మందు, మోతాదు, డాక్టరు నంబరు ఒక చిన్న కార్డు మీద రాసి ఆయన పర్సులో పెట్టండి. అర్ధరాత్రి ఏ నంబరుకి చేయాలో ఆస్పత్రినే అడగండి, పగటి నంబరు రాత్రి పనిచేయకపోతే ఆ సంగతి ఇవాళే తెలియాలి.

ఈ నియమం ఆయన పాటించాలంటే, చెప్పినందుకు ఇంట్లో ఎవరూ తిట్లు తినకూడదు. ఇది మీకు కష్టంగా అనిపించవచ్చు. రోజుకి రెండుసార్లు మీరే థర్మామీటర్ పెట్టి చూస్తే సరిపోదా అనుకోవచ్చు. కొన్నాళ్లు పనిచేస్తుంది. తర్వాత ఆయన మీ చూపు తప్పించుకోవడం నేర్చుకుంటారు, ఆ విద్య ఆయనకి ఇప్పటికే కొంత వచ్చింది. అన్నయ్యకి అప్పజెప్పడం ఇంకో దారి. నాన్న ఆయనతో చనువుగా ఉంటే జ్వరం సంగతి ఆయనకే చెప్పవచ్చు. కానీ 'ఏం కాదులే' అనే మనిషి దగ్గర ఆ మాట ఆగిపోతే మొదటికే మోసం. మూడోది, థర్మామీటర్ మీ నాన్నగారి చేతికే ఇచ్చి, ఫోన్ చేసే పని కూడా ఆయనకే వదిలేయడం. 72 ఏళ్ల మనిషి తన జ్వరం తాను చూసుకోగలరు. 'పిల్లల మీద విరుచుకుపడ్డాను, నాన్నా. ఇకపై జ్వరమొస్తే పిల్లల్ని ఏమీ అనను, ఒట్టు' అని మీరు ముందు ఒక మాట అంటే ఇది నిలబడే అవకాశం ఎక్కువని నా అభిప్రాయం. మీరే మొదట తగ్గాలా అని అనిపిస్తే, వచ్చే అపాయింట్‌మెంట్‌లో డాక్టరు చేత ఈ నియమం ఆయనకి చెప్పించండి. కూతురి ఆంక్షగా కాకుండా వైద్యంలో భాగంగా వింటారు.

పిల్లల్ని వేరేచోట ఉంచడం గురించి. ఉంచితే కొన్ని జలుబులు తగ్గుతాయి, కాదనను. బదులుగా తాతయ్యకి మిగిలేది మూసిన కిటికీల గది. అంతకాలం ఎవరూ అలా ఉండలేరు, ఎందుకంటే ఈ మందు ఒక కోర్సుతో అయిపోయేది కాదు, పనిచేసినంతకాలం వేసుకునేది. ఏళ్ల తరబడి పాటించగలిగిన జాగ్రత్తే జాగ్రత్త. పిల్లలు ఇంట్లోనే ఉండి, దగ్గు, జలుబు, జ్వరం, విరేచనాలు ఉన్న రోజుల్లో మాత్రం తాతయ్య గదికి దూరంగా ఉంటే సరిపోతుంది. బయటనుంచి రాగానే చేతులు సబ్బుతో కడుక్కోవాలి. వాళ్ల టీకాలు అన్నీ పూర్తయ్యాయా చూడండి. ఇంట్లో అందరూ, మీతో సహా, ఏటా ఫ్లూ ఇంజెక్షన్ వేయించుకోండి. పిల్లలకు తట్టు, గవదబిళ్లలు, ఆటలమ్మ టీకాలు వేయించవచ్చు. ఆటలమ్మ టీకా తర్వాత ఒంటిమీద పొక్కులు వస్తే అవి ఆరేదాకా తాతయ్యకి దూరంగా ఉంచితే చాలు. పోలియో చుక్కలు మాత్రం ఆ ఇంట్లో వద్దు, ఇంజెక్షన్ రూపంలో వేయమనండి. మీ నాన్నగారికి బతికున్న వైరస్‌తో చేసిన టీకాలేవీ వేయకూడదు. ఫ్లూ, న్యుమోకాకల్, కోవిడ్ టీకాలు, సర్పికి కొత్తగా వచ్చిన, బతికున్న వైరస్ లేని టీకా వేయవచ్చు. ఈ మందు మీద ఉన్నప్పుడు టీకాలు అంత బాగా పనిచేయవు. సగం పనిచేసినా మేలే, అయితే టీకా వేసుకున్నాంలే అని దగ్గుతున్నవాళ్ల పక్కన కూర్చోకూడదు.

మాస్కు సొంత గదిలో అక్కర్లేదు. కిటికీలు తెరవండి. గాలి ఆడని గదిలోనే జలుబు వైరస్‌లు పేరుకుంటాయి. పక్కన కట్టడం పనో, పగలగొట్టడమో జరిగి దుమ్ము లేస్తుంటే మాత్రం ఆ వైపు మూయండి, ఆ దుమ్ములోనే ఇందాక చెప్పిన బూజు ఉంటుంది. ఈ మొదటి నెలల్లో మట్టి తవ్వడం, కుళ్లిన ఆకులు ఎత్తడం, బూజుపట్టిన గోడలు గీకడం లాంటి పనులు ఆయన చేయకపోతే మంచిది. తిండి విషయంలో మీరెన్ని ఆంక్షలు పెట్టారో రాయలేదు. బాగా ఉడికినవి, శుభ్రంగా కడిగినవి అయితే చాలు. అంతకుమించిన కఠిన పథ్యంతో ఇన్ఫెక్షన్లు తగ్గినట్టు ఆధారాలు లేవు.

ఇక పెళ్లి. వెళ్లకూడదని మీరు గట్టిగా చెబితే ఆయన ఆగవచ్చు, కానీ ఆ రాత్రి జ్వరం దాచిన మనిషి రేపు ఏం దాస్తారో ఆలోచించండి. అన్నయ్య మాట విని రెండు రోజులూ జనం మధ్య తిప్పితే, న్యూమోనియా తగ్గి నెల దాటని ఊపిరితిత్తులకి అది మంచిది కాదు. పెళ్లికి వారం ముందు రక్తపరీక్ష చేయించండి. దగ్గు సంగతి తేలి, న్యూట్రోఫిల్స్ బాగుండి, డాక్టరు సరేనంటే ఓ గంటో రెండు గంటలో వెళ్లి రావడం కుదురుతుంది. బాగా గాలి వచ్చేచోట, అంచున కుర్చీ, మంచి మాస్కు, సొంత వాహనం. చుట్టూ మూగి ఫొటోలు దిగడం వద్దు. దగ్గరలో ఏ ఆస్పత్రి ఉందో ముందే తెలిసి ఉండాలి. న్యూట్రోఫిల్స్ 500 కంటే తక్కువుంటే, లేదా దగ్గుకి ఇంకా మందు నడుస్తుంటే, ఆ వేళకి వీడియోలోనే చూడటం తప్ప వేరే దారి చెప్పలేను. అప్పుడు వధూవరులు తర్వాతొక రోజు ఇంటికొచ్చి కలవవచ్చు.

ఈ ఏర్పాట్లలో సగం పెళ్లివారి చేతిలోనే ఉన్నాయి, అంటే మీ అన్నయ్య చేతిలో. కుర్చీ ఎక్కడ వేయాలి, జలుబున్న బంధువుని ఆ వైపు రాకుండా ఎవరు చూడాలి అన్నది ఆయనకి అప్పగించండి. అంతకంటే ముందు, వచ్చే అపాయింట్‌మెంట్‌కి ఆయన్నీ తీసుకెళ్లండి. న్యూట్రోఫిల్స్ ఎంత, ఐజీజీ ఎంత, ముందుజాగ్రత్త మందులు అవసరమా, హెపటైటిస్ బీ చూశారా అన్నవి కాగితం మీద రాసుకుని వెళ్లి, ఆ ప్రశ్నలు అన్నయ్య చేతే అడిగించండి. వెళ్లేముందు, పెళ్లి గురించి నాన్న ఏం అడగాలనుకుంటున్నారో కూడా ఆ కాగితంలో చేర్చండి. నాన్న ప్రశ్న నాన్నే అడుగుతారు.